కొండమీద రెండో శనివారం

ఇంట్లో పడుకోవడానికి శుభ్రమైన మంచమూ, దూదిపరుపూ, చుట్టూ నాలుగు గోడలూ ఉండగా, నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి, కొండమీద మంచులో నేలని పడుకుని రావడాన్ని సరదా అంటారని మా ఆవిడకి నేను ఈనాటికీ నచ్చచెప్పలేకపోయాను. "మా తాతగారు కాశీ వెళ్ళారు, రామేశ్వరం వెళ్ళారు. చలి కోసమని మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదండీ" అంటుంది. అంటూనే కోతిటోపీ, మఫ్లరు, రెండు రగ్గులు, పులిహోర, కందిపొడి, అమృతాంజనం సీసా వరసగా సర్దుతుంది. ఆవిడ సర్దిన సంచీ చూస్తే నేను రెండు రోజులకి కాదు, అరణ్యవాసానికే వెళుతున్నానని ఎవరైనా అనుకోవలసిందే.

కాలేజీలో తెలుగు చెప్పుకునేవాడికి జీపుల క్లబ్బులో ఏం పని అని మీకు సందేహం రావచ్చు. వచ్చి తీరాలి. నాకు జీపు లేదు. నాకున్నది స్కూటరు. అది కూడా వానాకాలంలో నా మాట వినదు. క్లబ్బులో నా ఉద్యోగం ముందు జీపులో ఎడమ పక్కన కూచుని దారి చెప్పడం. ఆ ముందు జీపు బాబాయిగారిది.

బాబాయిగారంటే చుట్టరికం ఏమీ లేదు. మా నాన్నగారి స్నేహితులు. విశాఖపట్నం రేవులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు 71 ఏళ్ళు. నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. మొదటి సంవత్సరంలో ఉండగా మా నాన్నగారు పోయారు. ఇక చదువు మానేసి ఏ కిరాణా దుకాణంలోనో పద్దులు రాసుకుందామని నేను నిశ్చయించుకున్నాక, ఒకనాడు సాయంత్రం ఈయన వచ్చి, రెండో ఏడాది ఫీజు కట్టిన రసీదు నా చేతిలో పెట్టారు. "తెలుగు చదివి ఏం చేస్తావో నాకు తెలీదు గాని, సగంలో ఆపితే మాత్రం తంతాను" అన్నారు. కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆ డబ్బు తిరిగి ఇవ్వబోతే ఇంతవరకూ పుచ్చుకోలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత నేను చేసిన వెధవపనికి నాకున్న సాకు ఇదొక్కటే.

ఆయన జీపు నాకంటే నాలుగేళ్ళు చిన్నది. దానికి తలుపులు లేవు, గుడ్డ తెరలు ఉన్నాయి. క్లబ్బులో మిగిలినవాళ్ళ బళ్ళు అద్దాల్లా మెరుస్తూ, లోపల పాటలు పాడుతూ, వేడిగాలి చల్లగాలి రెండూ ఇస్తూ ఉంటాయి. అయినా కొండ ఎక్కేటప్పుడు ముందు నడిచేది మాత్రం ఈ ముసలి బండే. ఆ మర్యాద బండికి కాదు, నడిపేవారికి.

మొన్న డిసెంబరులో రెండో శనివారం కాలేజీకి సెలవు. తెల్లవారుజామున ఏడు బళ్ళూ బయలుదేరి అనకాపల్లి దాటి, నర్సీపట్నంలో టీ కోసం ఆగాయి. లంబసింగి అక్కడినుంచి ఘాట్‌రోడ్డు మీద పైకి. మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. సముద్రమట్టానికి 1000 మీటర్ల ఎత్తు, శీతకాలంలో పొద్దెక్కినా విడవని మంచు, ఆంధ్రా కాశ్మీరం అని పేరూ, ఆదివారం నాడు పట్నాలనుంచి వచ్చి పడే జనమూ. ఆ ఊరికి స్థానికులు కొర్రబయలు అనే పేరు కూడా చెబుతారు. కొర్ర అంటే కర్రట. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. ఇలాంటి వ్యుత్పత్తుల్ని మా శాస్త్రం ఒప్పుకోదు గాని, ఒకసారి అక్కడ రాత్రి గడిపినవాడు శాస్త్రాన్ని పక్కన పెట్టేస్తాడు.

నర్సీపట్నంలో టీ తాగుతూండగా బాబాయిగారు గ్లాసు బల్ల అంచుమీద పెట్టారు. అది కింద పడి పగిలింది. "బల్ల వంకరగా ఉంది" అన్నారు. బల్ల తిన్నగానే ఉంది. ఎదురుగా ఉన్న బోర్డు చూపించి, "ఏమిట్రా పంతులూ అది, మందుల షాపా?" అన్నారు. అది బియ్యం కొట్టు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుతో పాటు లోపల ఏదో కొంచెం చల్లబడినట్టనిపించింది. దాన్ని కోతిటోపీ పెట్టుకోకపోవడం వల్ల వచ్చిన చలి కింద జమకట్టేశాను.

పగలు ఆయన నడపడంలో ఏ లోపమూ లేదు. ఘాట్‌రోడ్డు ఎక్కుతూ, ప్రతిసారీ అడిగినట్టే, "ఏదీ, నీ పాఠం మొదలెట్టు" అన్నారు. నా పాఠం ఆ రోడ్డును గురించే. ఇప్పుడు మనం పాటలు పెట్టుకుని మలుపులు లెక్కపెట్టుకుంటూ ఎక్కే ఈ కొండదారిని కొండవాళ్ళ చేతే వేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ అనే దొర నర్సీపట్నంనుంచి చింతపల్లి వైపు రోడ్డు పనికి మన్యం కూలీల్ని తోలుకొచ్చి, చాలీచాలని కూలి ఇచ్చి చేయించాడు. అంతకుముందే 1882 అడవి చట్టం పోడుకి అడ్డం వచ్చి కూచుంది. ఈ రెండూ కడుపులో పెట్టుకున్న మనుషులకే అల్లూరి సీతారామరాజు నాయకుడయ్యాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. "ఎవడి చేత వేయించారో వాళ్ళే ఈ దారిని పట్టుకుని ఎదురుతిరిగారన్న మాట" అంటారు బాబాయిగారు ప్రతిసారీ. అన్నాక గేరు మారుస్తారు.

మధ్యాహ్నం భోజనం ఒక గెడ్డ ఒడ్డున. గెడ్డ దాటే ముందు బాబాయిగారు పంట్లాం మడిచి, కర్ర పట్టుకుని, తాను నడిచి చూస్తారు. నీళ్ళు మోకాలి లోపు ఉన్నాయా, అడుగున రాయా, ఇసకా, బురదా. ఎంత గొప్ప బండైనా సరే, మనిషి నడవని నీళ్ళలోకి వెళ్ళకూడదన్నది ఆయన సూత్రం. అందరూ దాటారు. ఈ ఏడే క్లబ్బులో చేరిన బ్యాంకు మేనేజరుగారు మాత్రం దాటాక, రోడ్డు చాలదన్నట్టు పక్కనున్న ఎర్రమట్టి గట్టెక్కబోయారు. కొత్త బండి. మొదటి అయిదు గజాలూ గుర్రంలా ఎక్కింది. ఆరో గజంలో వెనక చక్రం ఒకటీ, ముందు చక్రం ఒకటీ గిర్రున తిరగడం మొదలెట్టాయి. మిగిలిన రెండూ కదలనే లేదు.

"నాలుగు చక్రాలకీ బలం వెళుతుందని రాసి ఇచ్చారండీ" అన్నారాయన, మోసపోయినవాడి గొంతుతో.

"వెళుతుంది. కాని ఇరుసుకున్న రెండు చక్రాల్లో ఏది తేలిగ్గా తిరుగుతుందో దానికే పోతుంది. పట్టు ఉన్న చక్రానికి ఏమీ మిగలదు. ఇంట్లో డబ్బు ఖర్చయ్యే తీరే" అన్నారు బాబాయిగారు. ఇంజను ఆపించి, చక్రాల్లో 30 పౌన్లున్న గాలిని 20కి దింపించారు. మెత్తబడ్డ చక్రం నేలని ఎక్కువ మేర పట్టుకుంటుంది. తిరుగుతున్న చక్రాల కింద రాళ్ళు పేర్పించి, పక్కన తాను ఒంగుని చేత్తో తడిమి, "ఇంకో రాయి" అన్నారు. తడమడం ఎందుకని అప్పుడు నాకు తట్టలేదు. తాడు కట్టి, చిన్నగేరులో పెట్టి, ముసలి జీపు వెనక్కి లాగితే కొత్తబండి కిందకి దిగింది. ఈ మహోత్సవానికి రెండున్నర గంటలు పట్టింది. ఫోటోలకి మరో అరగంట. గుడారాలు వేసుకుందామనుకున్న చోటుకి ఇంకా తొమ్మిది కిలోమీటర్లుండగానే సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయాడు.

ఆ చోటు ఒక గిరిజన రైతు కాఫీతోట పక్కన చదునునేల. అడవిలో అనుమతి లేకుండా గుడారం వెయ్యడం నేరం, వేసి చెత్త వదిలిరావడం అంతకంటె. అంచేత ఏటా ఆయనకి అద్దె ఇచ్చి ఆ నేలే పుచ్చుకుంటాం.

మూడు కిలోమీటర్లు పోయేసరికి మంచు పడింది. పడిందనడం మాటవరసకి. లోయలోంచి పొగలా లేచి, ముందు రోడ్డు పక్క చెట్లని మింగి, తరవాత రోడ్డుని మింగి, ఆఖరికి జీపు మూతిమీదికి వచ్చి కూచుంది. పెద్ద దీపాలు వేస్తే తెల్లగోడ. చిన్న దీపాలు వేస్తే చీకటి గోడ. బాబాయిగారు వేగం తగ్గించి, స్టీరింగు మీదకి ఒంగి, "చెప్పరా పంతులూ" అన్నారు.

చెప్పడం మొదలెట్టాను. కుడి చేతికి తెల్లరాయి. ఎడమ అంచు, అంచుకి అవతల ఏమీ లేదు. వంపు. ఇంకా వంపు. తిన్నగా. ఇలా మంచులో ఇద్దరు ఒక దారి చూడడం మామూలే. కాని ఆ రాత్రి ఆయన నేను చెప్పాక తిప్పుతున్నారు గాని, నేను చెప్పకముందు తిప్పడం లేదు. ఒకసారి పరీక్షకని ఒక క్షణం ఊరుకున్నాను. జీపు తిన్నగా అంచుకేసి పోయింది. "కుడి! కుడి!" అని అరిచాను. "ఆ, చూశాన్లే" అన్నారు.

చూడలేదు. నాకు తెలిసిపోయింది.

నా ఒళ్ళో వాకీటాకీ ఉంది. వెనకనుంచి మేనేజరుగారి గొంతు, "ముందు దారి ఎలా ఉందండీ? మేం మీ ఎర్రదీపం పట్టుకుని వచ్చేస్తున్నాం" అంది. మా వెనక ఆరు బళ్ళు. అందులో రెండింట్లో చిన్నపిల్లలు. నేను మీట నొక్కి చెప్పవలసిన మాట ఒక్కటే ఉంది. నొక్కాను. "బాగానే ఉంది, రండి" అన్నాను.

ఇంకో ఫర్లాంగు పోయామో లేదో, నా కంటికి ఏదో నల్లగా కదిలినట్టయింది. "ఆపండి!" అన్నాను. ఆయన ఆపారు. జీపు మూతికి జానెడు దూరంలో, గొంగళి కప్పుకుని నెత్తిమీద కట్టెలమోపుతో ఒక ముసలాయన, ఆయన చెయ్యి పట్టుకుని ఎనిమిదేళ్ళ పిల్ల. వాళ్ళు పక్కకి జరగలేదు. జరగడానికి పక్క లేదు, లోయ ఉంది.

ముసలాయన తిట్టలేదు. జీపు పక్కకి వచ్చి, బాబాయిగారి మొహంలోకి చూసి, "కనబళ్ళేదా బాబూ?" అని అడిగాడు.

"మంచు" అన్నారు బాబాయిగారు.

"మంచు మాకూ ఉన్నాది గదా" అని, పిల్లని ముందు నడిపించుకుని వెళ్ళిపోయాడు.

మిగిలిన దారిని నేను బడిపిల్లాడు ఎక్కం అప్పగించినట్టు అప్పగించాను. ఆయన మాట్లాడలేదు. గుడారాల దగ్గరికి చేరాక అందరూ దిగి బాబాయిగారి చుట్టూ మూగారు. "ఆ మంచులో మీరు కాబట్టి తీసుకొచ్చారు, ఇంకొకరైతేనా" అన్నారు మేనేజరుగారు. చలిమంట వేశారు. పులిహోర పంచారు. మా ఆవిడ పులిహోర క్లబ్బులో పేరుపడ్డ వస్తువు. ఆ రాత్రి నాకు మాత్రం సయించలేదు. పిల్లలు మంటలో చిలగడదుంపలు కాల్చుకుంటూ కేరింతలు కొడుతూంటే, ఒక్కొక్కళ్ళ మొహం చూస్తూ లెక్కపెట్టుకున్నాను. ఏడు బళ్ళలో ఇరవై ముగ్గురం.

గుడారంలో ఆయనా నేనూ. కింద టార్పాలిన్, దానిమీద గడ్డి, గడ్డిమీద దుప్పటి, పైన మా ఆవిడ రగ్గులు. ఇంత చేసినా నేలలోంచి చలి పురుగులా పైకి పాకుతుంది. గుడ్డమీద మంచు బొట్లు బొట్లుగా కారుతోంది. చాలాసేపటికి నేను గొంతు సవరించుకున్నాను.

"బాబాయిగారూ, మీకు కళ్ళు..."

"శుక్లాలు. రెండింటికీ. రెండేళ్ళయింది" అన్నారాయన, ఎదురుచూస్తున్నట్టే. "పగలు ఫరవాలేదు. ఎదర దీపం పడితే మాత్రం లోకమంతా పాలు ఒలికినట్టయిపోతుంది."

"ఆపరేషను చేయించుకోకపోయారా? ఈ రోజుల్లో అది..."

"మా అమ్మకి చేశారు. నా చిన్నప్పుడు. చీము పట్టి ఆ కన్ను పోయింది. రెండో కంటికి చేయించుకోనని ఏడ్చి, ఆవిడ ఆఖరి పదేళ్ళూ గోడలు పట్టుకుని నడిచింది." కాసేపు ఆగి, "నీకెప్పుడు తెలిసింది?" అన్నారు.

"అనుమానం నర్సీపట్నంలోనే. మంచు పడ్డాక రూఢి అయింది."

"మరి చెప్పలేదేం?"

జవాబు నాకు సిద్ధంగానే ఉంది. మీమీద గౌరవం చేత, మీరు చేసిన మేలు మరిచిపోలేక, నలుగురిలో మీరు చిన్నబోతారని. ఆ మాటలన్నీ వరసగా అనేశాను కూడాను. తెలుగు మేష్టర్ని కదా, బాగానే అన్నాను.

ఆయన లేచి కూచున్నారు. "ఒరేయ్, నేను ముసలాణ్ణి. నా కన్ను పోయిందని ఒప్పుకోడానికి నాకు భయం. అది నా తప్పు. నీకేం భయంరా? నీకు కళ్ళున్నాయి, చేతిలో ఆ మాట్లాడే డబ్బా ఉంది, వెనకాల అంతమంది పిల్లాజెల్లా ఉన్నారు. నా మొహం చిన్నబోతుందని ఊరుకున్నావా? ఆ పిల్ల చక్రం కింద పడితే నా మొహం పెద్దదయ్యేదా? నీకు ఫీజు కట్టింది ఇందుకా?"

ఇరవై అయిదేళ్ళలో ఆ ఫీజు మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. నేను రగ్గు మొహం మీదికి లాక్కున్నాను. చలికి కాదు.

తెల్లవారి మంచు ఇంకా కమ్మే ఉంది. చుట్టూ సిల్వర్‌ఓకు చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు, అన్నీ తడిసి నీళ్ళోడుతున్నాయి. అందరూ మబ్బులు చూడ్డానికి చెరువులవేనం కొండకి బయలుదేరబోతూంటే బాబాయిగారు జీపు తాళం తీసి, అందరి ఎదటా నా చేతిలో పెట్టారు. "నాకు రాత్రి కళ్ళు కనబడలేదు. మిమ్మల్నందరినీ తీసుకొచ్చింది వీడి నోరు. ఇకమీదట బండి కూడా వీడే నడుపుతాడు" అన్నారు. మేనేజరుగారు తాగుతున్న కాఫీ అలాగే పట్టుకుని నిలబడిపోయారు. ఎవరో "మీరు మరీనండీ" అన్నారు. ఆయన నవ్వలేదు. కాస్త ఆగి క్లబ్బులో ఉన్న ఒకే ఒక డాక్టరుగారు ముందుకొచ్చి వివరాలడిగారు. ఆయన పళ్ళ డాక్టరు. అయినా అడిగారు.

ఆ డాక్టరుగారే మాకు మంచి సంగతి ఒకటి చెప్పారు. శుక్లం తీసినచోట పెట్టే కృత్రిమ కటకం పుట్టింది రెండో ప్రపంచయుద్ధంలోంచేనట. విమానాల అద్దాల ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకుపోయినా కన్ను వాటిని ఓర్చుకోవడం గమనించిన రిడ్లీ అనే డాక్టరు, అదే పదార్థంతో కటకం చేసి 1949లో లండనులో మొదటిసారి ఒక మనిషి కంట్లో అమర్చాడట. "జీపు కూడా ఆ యుద్ధంలో పుట్టిందే కదండీ" అన్నారు బాబాయిగారు. ఆ చుట్టరికం కలిశాక ఆయన మొహంలో భయం కొంచెం తగ్గినట్టు కనిపించింది.

కిందికి దిగేటప్పుడు నడిపింది నేను. ఆ ఘాట్‌రోడ్డు మీద ఆ ముసలి జీపు నడపడం ఎం.ఏ. ప్రశ్నపత్రం కంటె కష్టం. పక్కన కూచున్న పరీక్షాధికారి కళ్ళు మూసుకుని చెవులు తెరుచుకున్నారు. "బ్రేకు మీద కాలెందుకు? కాలిపోతుంది. గేరే పట్టుకుంటుంది బండిని. రెండులో వెయ్యి. రెండు! అది మూడు." ఇంజను మూలిగినప్పుడల్లా ఆయనా మూలిగారు. నర్సీపట్నం చేరేసరికి ఆ చలికాలంలో నా చొక్కా తడిసిపోయింది.

"నిద్ర పట్టిందా?" అని అడిగింది మా ఆవిడ తలుపు తీస్తూ. జరిగిందంతా చెప్పాను. ఆవిడ పులిహోర గిన్నె ఖాళీ అయిందో లేదో చూసుకుని, "ఆయన తిట్టిన తిట్టు నేనెన్నాళ్ళనుంచో తిడుతున్నాను. నా మాట అయితే చెవికెక్కదు" అంది.

సంక్రాంతి వెళ్ళిన వారానికి కుడికంటికి ఆపరేషను అయింది. బయట బల్లమీద కూచుని, తెచ్చుకున్న పేపరు సగం చదివేలోపే అయిపోయిందన్నారు. మర్నాడు కట్టు విప్పాక బాబాయిగారు ముందు కిటికీ చూశారు, తరవాత క్యాలెండరు చూశారు, ఆఖరికి నన్ను చూసి, "ఏమిట్రా, నీకింత జుట్టు ఎప్పుడు నెరిసింది?" అన్నారు.

ఎడమకంటికి వేసవి సెలవుల్లో. అంతవరకూ జీపు తాళం మా ఇంట్లో, వంటింటి గుమ్మం పక్క మేకుకి, పాలలెక్కల పుస్తకం పక్కన వేలాడుతోంది. సాయంత్రం పూట కాఫీకని వస్తారు బాబాయిగారు. లోపలికి రాగానే ఒకసారి ఆ మేకుకేసి చూస్తారు. నిన్న చూసి, "దానిమీద దుమ్ము పట్టింది, కనబడ్డంలేదా నీకు?" అన్నారు.